పాత లేత్‌కు మళ్లీ ప్రాణం పోయాలంటే రంగు డబ్బా కన్నా ముందు డయల్ గేజ్ ఎందుకు పట్టుకోవాలి?

హుగ్లీ నదికి పడమటి గట్టున, కోల్‌కతాకు ఎదురుగా హౌరా నగరం ఉంది. అక్కడి బెలీలియస్ రోడ్డులోనూ, దాని చుట్టుపక్కల సందుల్లోనూ నడిచేవారికి ముందుగా వినిపించేది లేత్ యంత్రాల చప్పుడు. ఒకటి రెండు యంత్రాలు పట్టేంత చిన్న గదులు, నూనె ఇంకి నల్లబడిన నేల, గుమ్మం పక్కన కుప్పపోసిన ఇనుప రజను అక్కడ నిత్యం కనిపించే దృశ్యాలు. ఇంజినీరింగ్ పనులకు ఈ ఊరు ఎంత పేరు పొందిందంటే, ఒకప్పుడు దీనిని ‘తూర్పు దేశపు షెఫీల్డ్’ అని పిలిచేవారు.

ఈ ప్రాంతంలో పెద్ద కర్మాగారాలు, జనపనార మిల్లులు మూతపడినప్పుడు వాటి వర్క్‌షాపుల్లోని పాత లేత్‌లు తరచుగా తుక్కు కింద, తూకం లెక్కన అమ్ముడవుతాయి. వాటిలో చాలావరకు కొలిమిలో కరిగిపోతాయి. ఏ కొద్దిపాటివో ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న అభిరుచిపరుల చేతికి చిక్కుతాయి.

అలా ఇంటికి చేరిన యంత్రానికి సాధారణంగా జరిగే మొదటి సత్కారం రంగు వేయడం. తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు పూసి, పిడులకు మెరుగు పెడితే లేత్ కొత్తదానిలా కనిపిస్తుంది. కానీ దాని మీద ఒక కడ్డీని చెక్కి చూస్తే ఒక కొస లావుగా, మరో కొస సన్నగా వస్తుంది. లేత్ విలువ దాని మెరుపులో లేదు, దాని సూటిదనంలో ఉంది. ఆ సూటిదనం ఎక్కడ పోయిందో కనిపెట్టడం, దానిని తిరిగి తీసుకురావడం ఎలాగో ఈ కథనంలో చూద్దాం.

తరిమెన నుంచి లేత్ దాకా

తిరిగే వస్తువుకు ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే పని తెలుగువారికి కొత్తది కాదు. ఆ పరికరాన్ని మనవాళ్లు ‘తరిమెన’ అన్నారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలు తరిమెన పట్టినవే. అయితే అక్కడ ఉలిని నడిపేది కళాకారుని చేయి. బొమ్మ గుండ్రదనానికి ఆ చేతి నేర్పే పూచీ.

లోహాన్ని కోసే లేత్‌లో ఆ పూచీ యంత్రానిది. టూల్‌ను చేత్తో పట్టుకోరు. ‘బెడ్’ అనే పోత ఇనుప పట్టాల మీద జారే ‘క్యారేజ్’ దానిని మోస్తుంది. పట్టాలు ఎంత సూటిగా ఉంటే కోత అంత సూటిగా వస్తుంది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే రూపొందించిన మరలు కోసే లేత్ ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది. బెడ్, జారే టూల్, దానిని నడిపే లీడ్ స్క్రూ అనే మూడింటినీ అది ఒకే యంత్రంలో కచ్చితంగా కూర్చింది. నేటి పాత లేత్‌లన్నిటి అమరికా ఇదే.

బెంగాల్‌కు ఈ యంత్రాలు ఎలా వచ్చాయి?

దేశంలోని తొలి ఆయుధ కర్మాగారం 1801లో కోల్‌కతా సమీపాన కాశీపూర్‌లో గన్ క్యారేజ్ ఏజెన్సీగా మొదలైంది. 1855లో రిష్రాలో జనపనార మిల్లు ఆరంభమైంది. హౌరాలో బర్న్ కంపెనీ, డమ్‌డమ్‌లో జెస్సప్ కంపెనీ వంతెనలు, రైలు వ్యాగన్లు వంటి భారీ పనులు చేశాయి. ఇంత యంత్ర సామగ్రిని నడపాలంటే అరిగిన షాఫ్టును, విరిగిన బోల్టును అక్కడికక్కడే చేసుకోక తప్పదు. అందుకే కర్మాగారాల్లో మరమ్మతు వర్క్‌షాపులు ఏర్పడ్డాయి. వాటిలో బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చిన లేత్‌లు ఉండేవి.

ఈ చరిత్రలో తెలుగువారి చేయి కూడా ఉంది. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్‌లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి రైలు దారి వెంట అక్కడికి చేరిన కుటుంబాలు అనేకం. నేటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట బలంగా వినిపించడానికి కారణం అదే. తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920ల చివరలో ఈ రైల్వే కార్మికుల ఉద్యమంలో ప్రముఖ పాత్ర వహించారు. ఫిట్టర్, టర్నర్ అనే మాటలు ఆ ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నాయి.

స్వదేశీ లేత్‌ల తయారీ ఆ తరువాత ఊపందుకుంది. హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ 1941లో, సికిందరాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో, బెంగళూరులో హెచ్‌ఎంటీ 1953లో ఏర్పడ్డాయి. పంజాబ్‌లోని బటాలా కూడా లేత్‌ల తయారీకి పేరు పొందింది. కాబట్టి నేడు తుక్కు దుకాణంలో ఎదురయ్యే పాత లేత్ విదేశీది కావచ్చు, స్వదేశీది కావచ్చు. పరీక్షించే పద్ధతి మాత్రం ఒకటే.

ఇంటికి తెచ్చే ముందు ఏం చూడాలి?

మొదటి ప్రశ్న యంత్రం గురించి కాదు, నేల గురించి. బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ కూడా దాదాపు ఒక క్వింటాలు తూగవచ్చు. ఆరడుగుల బెడ్ ఉన్న పాత కర్మాగార లేత్ టన్ను వరకు ఉండవచ్చు. కోల్‌కతా పాత ఇళ్లలో పై అంతస్తులు చాలాచోట్ల ‘కడి-బర్గా’ కట్టడాలే. అంటే పెద్ద దూలాల మీద చిన్న దూలాలు పరిచి, వాటి మీద పెంకులు, సున్నం వేసిన నేలలు. అంత బరువుకు, ఆ అదురుకు అవి తగవు. కింది అంతస్తులోని గట్టి కాంక్రీటు నేలే సరైన చోటు.

రెండవది, బరువు ఎటు ఉందో తెలుసుకోవాలి. లేత్‌లో హెడ్‌స్టాక్ ఉన్న వైపు బరువు, పైభాగం బరువు. అందుకే కదిలించేటప్పుడు సులువుగా ఒరిగి పడుతుంది. లీడ్ స్క్రూకో, స్పిండిల్‌కో తాడు కట్టి ఎత్తితే అవి వంగిపోతాయి. బెడ్‌కే పట్టీలు వేసి ఎత్తాలి.

మూడవది, పోత ఇనుములో చీలికలు ఉన్నాయేమో చూడాలి. పోత ఇనుము గట్టిదే కానీ పెళుసు. సుత్తి దెబ్బకు వంగదు, పగులుతుంది. బెడ్‌లోగాని హెడ్‌స్టాక్‌లోగాని పగులు ఉంటే ఆ యంత్రాన్ని ఇంటి వర్క్‌షాపులో బాగుచేయడం దాదాపు వృథా ప్రయాసే. అరిగిన నట్టు, విరిగిన పిడి, పళ్లూడిన గేరు అలాంటివి కావు. వాటిని కొత్తగా చేయించుకోవచ్చు.

విప్పకముందే కొలవాలి

యంత్రం రాగానే విప్పదీయాలని చేతులు ఉబలాటపడతాయి. కానీ ఒకసారి విప్పితే, అది ఏ స్థితిలో ఉండేదో చెప్పే సాక్ష్యం పోతుంది. అందువల్ల ముందు శుభ్రంగా తుడిచి, నూనె వేసి, కొలతలు తీసుకుని పుస్తకంలో రాసుకోవాలి.

బెడ్‌లో అన్ని చోట్లా ఒకేలా అరుగుదల ఉండదు. పనిలో అధికభాగం చక్‌కు దగ్గరగానే జరుగుతుంది కాబట్టి, అక్కడి అడుగో అడుగున్నరో ఎక్కువగా అరుగుతుంది. టెయిల్‌స్టాక్ వైపు కొస దాదాపు కొత్తదానిలా మిగిలిపోతుంది. దీనిని కనిపెట్టడం తేలిక. చక్ దగ్గర క్యారేజ్ కదలిక బిగుతుగా, సరిగ్గా ఉండేలా గిబ్‌లను సర్దాలి. తరువాత దానిని నెమ్మదిగా టెయిల్‌స్టాక్ వైపు తిప్పుతూ పోవాలి. మధ్యలో బిగుసుకుపోతే, చక్ దగ్గర పట్టాలు అరిగాయని అర్థం.

స్పిండిల్ బేరింగ్‌ల స్థితిని డయల్ గేజ్ చెబుతుంది. గేజ్ మొనను స్పిండిల్ ముందుభాగానికి ఆనించి, చక్ కింద చెక్క కర్రతో మెల్లగా పైకి నెట్టాలి. ముల్లు కదిలినంత మేర బేరింగ్‌లో వదులు ఉన్నట్టు. ఇక క్రాస్ స్లైడ్ పిడిని ఒక వైపు తిప్పి, తిరిగి రెండవ వైపు తిప్పినప్పుడు, స్లైడ్ కదలకుండానే పిడి ఎంత తిరిగిందో అంకెల చక్రం మీద చూడాలి. ఆ తేడా నట్టు, స్క్రూల అరుగుదలకు కొలత. స్క్రూ కన్నా నట్టు మెత్తని లోహంతో ఉంటుంది కాబట్టి ముందుగా అరిగేది నట్టే. గన్‌మెటల్‌తో కొత్త నట్టు చేయించుకుంటే సగం జబ్బు నయమవుతుంది.

రెండు వలయాల పరీక్ష

యంత్రం సూటిదనాన్ని తేల్చి చెప్పే పరీక్ష ఒకటుంది. సుమారు 30 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీని చక్‌లో బిగించాలి. రెండవ కొసకు టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వకూడదు. కడ్డీ మీద దాదాపు 150 మిల్లీమీటర్ల ఎడంగా రెండు వలయాలు మిగిల్చి, మధ్య భాగాన్ని కొద్దిగా తగ్గించాలి. తరువాత టూల్‌ను పక్కకు జరపకుండా, అతి తేలికపాటి కోతతో రెండు వలయాలనూ ఒకే సారి చెక్కి, మైక్రోమీటర్‌తో కొలవాలి.

రెండు కొలతలూ సమానమైతే స్పిండిల్, టూల్ దారి సమాంతరంగా ఉన్నట్టే. వ్యాసంలో 0.04 మి.మీ. తేడా వచ్చిందంటే, ఆ దూరంలో టూల్ దారి 0.02 మి.మీ. పక్కకు తప్పిందని అర్థం. ఇది తల వెంట్రుక మందం కన్నా తక్కువే. కానీ బేరింగ్ కూర్చోవలసిన షాఫ్టు బిగుతుగా పడుతుందా, వదులుగా పడుతుందా అనేది ఇంతలోనే తేలిపోతుంది.

తేడా రాగానే హెడ్‌స్టాక్ బోల్టులు వదులు చేయడం తొందరపాటు. చాలాసార్లు దోషం యంత్రానిది కాదు, దాని నిలకడది. ఎగుడుదిగుడు నేల మీద కాళ్లు బిగించినప్పుడు బరువైన బెడ్ కూడా మెలిపడుతుంది. మీటరుకు 0.02 మి.మీ. తేడాను చూపే స్పిరిట్ లెవల్‌ను బెడ్‌కు అడ్డంగా రెండు కొసల్లోనూ పెట్టి చూస్తే ఆ మెలిక కనిపిస్తుంది. కాళ్ల కింద పలుచని లోహపు రేకులు సర్ది దానిని తీసేయాలి. ఇక్కడ ముఖ్యం బెడ్ నేలకు సమతలంగా ఉండడం కాదు, మెలిక లేకుండా ఉండడం. సముద్రంలో ఊగే ఓడల్లో కూడా లేత్‌లు చక్కగా పనిచేయడానికి కారణం ఇదే.

తుప్పు, పాత రంగు: తొందర పడితే ప్రమాదం

ఇప్పుడు విప్పవచ్చు. ఒక్కో భాగాన్నీ తీసే ముందు ఫొటో తీసుకోవాలి. బోల్టులను విడివిడి సంచుల్లో వేసి పేరు రాసిపెట్టుకోవాలి. జిడ్డుకు కిరోసిన్, ఇత్తడి బ్రష్షు చాలు. పట్టాల మీద ఎమరీ కాగితంతో గట్టిగా రుద్దకూడదు. తుప్పుతో పాటు మిగిలిన సూటిదనం కూడా పోతుంది. ఎమరీ రేణువులు స్లైడ్‌ల మధ్య చిక్కుకుంటే అరుగుదల ఇంకా పెరుగుతుంది.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి కొందరు చాకలి సోడా నీటిలో తక్కువ వోల్టేజీ కరెంటు పంపే పద్ధతి వాడతారు. ఇది బాగా పనిచేస్తుంది కానీ హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. రెండవ ధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు. దానివల్ల విషపూరితమైన క్రోమియం లవణాలు ఏర్పడతాయి.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. దానిని పొడిగా గీకి దుమ్ము లేపడం, మంటతో కాల్చడం మంచిది కాదు, ముఖ్యంగా పిల్లలు తిరిగే ఇంట్లో. తడిపి గీకడం, మాస్కు ధరించడం, చెత్తను వేరుగా మూటకట్టడం అవసరం. పాత క్లచ్, బ్రేకుల పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

స్క్రేపింగ్: చేత్తో సాధించే సూటిదనం

అరిగిన తలాన్ని మళ్లీ చదును చేసే పాత విద్య స్క్రేపింగ్. కచ్చితమైన సూటి పలకకు ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగును అతి పలుచగా రాసి, బాగుచేయవలసిన తలం మీద ఆనించి కదుపుతారు. ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే నీలం అంటుకుంటుంది. ఆ మచ్చలను ఉలిలాంటి స్క్రేపర్‌తో కొన్ని మైక్రాన్ల మేర గీకుతారు. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. పదుల సార్లు ఇలా చేశాక నీలి చుక్కలు తలమంతా సమంగా పరుచుకుంటాయి. మధ్యలో మిగిలే సన్నని గుంటలు నూనెను పట్టి ఉంచుతాయి.

ఆ సూటి పలక సూటిగా ఉందని ఎలా నమ్మాలి? దీనికి 1840లో జోసెఫ్ విట్‌వర్త్ వివరించిన మూడు పలకల పద్ధతి సమాధానం. రెండు పలకలు ఒకదానితో ఒకటి చక్కగా అతికినా, ఒకటి కాస్త ఉబ్బెత్తుగా, రెండవది కాస్త పల్లంగా ఉండవచ్చు. మూడవ పలకను చేర్చి, ఏ రెండింటిని కలిపినా సరిగ్గా అతికేలా చేస్తే, మూడూ చదునుగా ఉండడం తప్ప వేరే మార్గం లేదు. అంతకన్నా కచ్చితమైన వస్తువేదీ చేతిలో లేకుండానే కచ్చితత్వాన్ని పుట్టించే యుక్తి ఇది.

కొత్తగా నేర్చుకునేవారు బెడ్ జోలికి ముందుగా వెళ్లకూడదు. క్రాస్ స్లైడ్, గిబ్ వంటి చిన్న భాగాలతో చేయి తిప్పుకోవాలి. బెడ్ అరుగుదల కొద్దిగా ఉంటే, ఎక్కడ ఎంత ఉందో తెలుసుకుని సర్దుకుపోవడమే వివేకం. మరీ ఎక్కువైతే పెద్ద వర్క్‌షాపులో గ్రైండింగ్ చేయించాలి. అప్పుడు క్యారేజ్ కాస్త కిందికి దిగి, లీడ్ స్క్రూతో వరస తప్పుతుంది. ఆ లోటు భర్తీకి క్యారేజ్ అడుగున ప్రత్యేకమైన ప్లాస్టిక్ పొర అతికించి మళ్లీ స్క్రేప్ చేస్తారు. గ్రైండింగ్ ఒక్కటే చేయించి వదిలేస్తే ఒక దోషం పోయి మరొకటి వస్తుంది.

127 పళ్ల గేరు రహస్యం

బ్రిటన్ నుంచి వచ్చిన లేత్‌ల లీడ్ స్క్రూలు అంగుళాల లెక్కలో ఉంటాయి. మనం వాడే బోల్టులు మిల్లీమీటర్ల లెక్కవి. ఈ రెండింటినీ కలిపేది 127 పళ్లున్న గేరు. అంగుళం అంటే సరిగ్గా 25.4 మి.మీ. దీనిని భిన్నంగా రాస్తే 127 బై 5 అవుతుంది. 127 ప్రధాన సంఖ్య కాబట్టి చిన్న గేర్లను కలిపి దానిని సాధించలేం.

ఉదాహరణకు, అంగుళానికి 4 మరలున్న లీడ్ స్క్రూ ఒక చుట్టులో 6.35 మి.మీ. నడుస్తుంది. దానితో 1 మి.మీ. పిచ్ మర కోయాలంటే స్పిండిల్ వైపు 20 పళ్లు, లీడ్ స్క్రూ వైపు 127 పళ్లు ఉన్న గేర్లు పెడితే లెక్క సరిపోతుంది. అయితే ఆ మర పూర్తయ్యేదాకా హాఫ్ నట్‌ను వదలకూడదు. వదిలి మళ్లీ పట్టిస్తే టూల్ పాత గాడిలో పడదు. పాత లేత్ కొనేటప్పుడు గేర్ల పెట్టె వెతికితే, ముందుగా ఈ గేరు ఉందో లేదో చూడాలి.

కరెంటు, వేగం, చేతుల భద్రత

పాత కర్మాగారాల్లో లేత్‌లకు సొంత మోటారు ఉండేది కాదు. పైకప్పు కింద తిరిగే పొడవాటి షాఫ్టు నుంచి తోలు బెల్టులు శక్తిని అందించేవి. ఇంట్లో అలాంటి యంత్రానికి మోటారు అమర్చాలి. ఇళ్లకు వచ్చేది సాధారణంగా సింగిల్ ఫేజ్ కరెంటు. సింగిల్ ఫేజ్ మోటారు పెట్టడం ఒక దారి. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్‌ను అమర్చడం మరో దారి. ఏదైనా అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే, ఎర్తింగ్‌తో సహా చేయించాలి.

మూడు సంగతులు మరువరానివి. మొదటిది, నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ తప్పనిసరి. అది లేకపోతే పోయిన కరెంటు తిరిగి రాగానే, చక్‌లో చేయి పెట్టి ఉన్నా సరే, లేత్ దానంతట అదే తిరుగుతుంది. రెండవది, మరలతో బిగించే చక్ ఉన్న పాత స్పిండిల్‌ను వెనక్కి తిప్పుతూ కోత వేస్తే చక్ ఊడి వచ్చే ప్రమాదం ఉంది. మూడవది, వేగం పెంచే మీట చేతిలో ఉంది కదా అని పాత పోత ఇనుప చక్‌ను దాని హద్దు దాటి తిప్పకూడదు.

బయటికి కనిపించే బెల్టులకు, గేర్లకు కవచాలు చేసి పెట్టాలి. చేతి తొడుగులు, వేలాడే చేతులున్న చొక్కా, చున్నీ, గాజులు లేత్ దగ్గర పనికిరావు. చక్ తాళాన్ని చక్‌లో వదిలి క్షణమైనా పక్కకు తిరగకూడదు.

వర్షాకాలం పరీక్ష

కోల్‌కతా వానల్లో గాలి తేమగా ఉంటుంది. చెమట అంటిన చేతి ముద్ర కూడా తెల్లారేసరికి తుప్పు మచ్చగా మారుతుంది. పని ముగిశాక రజను తుడిచి, పట్టాలకు చిక్కని స్లైడ్ నూనె పూసి, గాలి ఆడే గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ షీటు కప్పితే కింద చెమ్మ పట్టి మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఇంత శ్రమకు ఫలం ఉందా? డబ్బు లెక్కలో అన్నిసార్లూ ఉండదు. కానీ లేత్‌కు ఒక విశేషం ఉంది. తన మరమ్మతుకు కావలసిన బుష్‌లు, నట్టులు, పిన్నులు చాలావరకు అదే చేసుకోగలదు. వదులుగా ఉన్న యంత్రంతోనే ఓపికగా కొత్త బుష్ చేసి, దానిని అదే యంత్రంలో అమర్చి, మునుపటి కన్నా మెరుగైన కోత సాధించవచ్చు. చేతకానివి మిగిలితే బెలీలియస్ రోడ్డులో అడిగితే చేసిపెట్టేవారు దొరకవచ్చు. అరిగిన గేరును చూసి పళ్లు లెక్కపెట్టి కొత్తది కోసే నేర్పు పుస్తకాల్లో కన్నా అలాంటి గదుల్లోనే ఎక్కువగా నిలిచి ఉంది. అది చేతి నుంచి చేతికి అందే విద్య. అడిగేవారు లేకపోతే చెప్పేవారూ మిగలరు.

అన్నీ బిగించాక రెండు వలయాల పరీక్ష మరోసారి చేయాలి. మొదటి రోజు రాసుకున్న కొలతల పక్కన కొత్త కొలతలు రాయాలి. ఆ పుస్తకాన్ని యంత్రంతోనే ఉంచాలి. రంగు వేయడానికి తగిన సమయం అప్పుడే వస్తుంది.